ఎలిహు బర్రిట్

ఎలిహు బర్రిట్ (డిసెంబరు 8, 1810 – మార్చి 6, 1879) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన బహుభాషావేత్త, రచయిత, ఉపన్యాసకుడు, శాంతి ఉద్యమకారుడు. వృత్తిరీత్యా కమ్మరి. కళాశాల చదువు లేకుండా, కొలిమి పని మానకుండా, తీరిక గంటలలో పుస్తకాల సహాయంతోనే పదుల సంఖ్యలో భాషలు నేర్చుకొన్నందువలన ఇతడు విద్వాంసుడైన కమ్మరి అనే పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. ఈ అభ్యాసంలో అధికభాగం మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో, అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ వారి గ్రంథాలయంలో జరిగింది. తరువాతి కాలంలో బానిసత్వ నిర్మూలనకు, యుద్ధ నివారణకు, దేశాల మధ్య చౌక తపాలాకు పాటుపడ్డాడు.

బాల్యం

బర్రిట్ కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌లో జన్మించాడు. తండ్రి పేరు కూడా ఎలిహు బర్రిట్. ఆయన కొద్దిపాటి వ్యవసాయంతో పాటు బూట్లు కుట్టే పని చేసేవాడు. తల్లి ఎలిజబెత్ హిన్స్‌డేల్. ఆ దంపతులకు పదిమంది సంతానం. ఇంట్లో ఉన్న పుస్తకాలు చాలా తక్కువ; బైబిలే ముఖ్యమైనది. ఊరి బడిలో, అదీ పొలం పనులు లేని చలికాలంలో మాత్రమే ఎలిహు చదువుకొన్నాడు. తండ్రి మరణంతో ఆ చదువు కూడా ఆగిపోయింది. యుక్తవయస్సులోనే స్వగ్రామంలోని ఒక కమ్మరి వద్ద పని నేర్చుకొనేందుకు చేరాడు. ఆ రోజుల్లో ఇటువంటి ఒప్పందం ప్రకారం శిష్యుడు 21 ఏళ్ళు నిండేవరకు యజమాని వద్ద పనిచేయాలి.

ఎలిహు అన్న ఎలైజా హిన్స్‌డేల్ బర్రిట్ ఖగోళశాస్త్రం, గణితం తెలిసిన ఉపాధ్యాయుడు. ఈయన 1833లో ప్రచురించిన జాగ్రఫీ ఆఫ్ ది హెవెన్స్ అనే పాఠ్యపుస్తకం అమెరికన్ పాఠశాలలలో చాలాకాలం వాడుకలో ఉంది. ఒప్పందకాలం ముగిసిన తరువాత ఎలిహు సుమారు అర్ధ సంవత్సరం అన్న నడిపే బడిలో చదువుకొన్నాడు. పని మానినందుకు పోయిన కూలిని భర్తీ చేయడానికి ఆ తరువాత రోజుకు ఇద్దరు మనుషుల పని చేశాడు.

కొలిమి వద్ద చదువు

తిత్తి ఊదుతున్నప్పుడు చేతులకు పని ఉంటుంది కాని మనస్సు ఖాళీగా ఉంటుంది. ఈ ఖాళీని బర్రిట్ మొదట గణితంతో నింపుకొన్నాడు. సూర్యుని నుండి భూమి వరకు గుడ్డను అంగుళం వెడల్పు పేలికలుగా కత్తిరించి, అతుకుల కోసం కొంత విడిచి కుట్టుకుంటూ పోతే ఎన్ని గజాల గుడ్డ కావాలి, గజం షిల్లింగు చొప్పున దాని ఖరీదెంత అన్నటువంటి లెక్కలను తనే కల్పించుకొని, కాగితం ముట్టకుండా మనస్సులోనే చేసేవాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళి జవాబులు చెబితే అన్న వాటిని పలక మీద సరిచూసేవాడు.

తరువాత భాషల వంతు వచ్చింది. ఒప్పందకాలం చివరి సంవత్సరాలలో లాటిన్ మొదలుపెట్టి, ఒక చలికాలపు సాయంకాలాలలో వర్జిల్ కావ్యాన్ని చదివాడు. గ్రీకు ప్రారంభించినప్పుడు చిన్న వ్యాకరణ పుస్తకాన్ని టోపీలో పెట్టుకొని పనికి వెళ్ళేవాడు. పెద్ద ఇనుప ముక్క కాలడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలో పుస్తకాన్ని కొలిమి పొగగూటికి ఆనించి తెరచి, తోటి పనివారి కంటబడకుండా క్రియాపదాల రూపాలు వల్లెవేసేవాడు. వల్లెవేసిన క్రియ గ్రీకు వ్యాకరణాలలో ఉదాహరణగా ఇచ్చే మామూలు క్రియ. దాని అర్థం కొట్టడం. సుత్తి పట్టినవాడికి అంతకంటే తగిన మాట దొరకదు. ఇంటికి వెళ్ళాక హోమర్ రచించిన ఇలియడ్‌ను ఎవరి సహాయమూ లేకుండా చదివేవాడు. మరొక చలికాలం గడిచేసరికి అందులోని 24 సర్గలలో 20 పూర్తయ్యాయి.

న్యూ హేవెన్‌లో ఒక చలికాలం

21 ఏళ్ళు నిండిన తరువాత బర్రిట్ యేల్ కళాశాల ఉన్న న్యూ హేవెన్ పట్టణానికి వెళ్ళి ఒక చలికాలం గడిపాడు. అయితే కళాశాలలో చేరలేదు. అక్కడి ఆచార్యులను కలిసి సలహా అడగడానికి కూడా సిగ్గుపడ్డాడు. విద్యావంతులు ఉన్న ఊరి గాలి సోకితే చదువు సాగుతుందని మాత్రం గట్టిగా నమ్మాడు. ఒక సామాన్యమైన సత్రంలో గది తీసుకొని, తెల్లవారుజామున పనివారు పొయ్యి వెలిగించగానే దాని వద్ద కూర్చొని, ఫలహారం వేళవరకు జర్మన్ చదివేవాడు. తరువాత గ్రీకు, మధ్యాహ్నం ఇటాలియన్, ఆపై స్పానిష్, రాత్రి హీబ్రూ. ఇలా రోజు మొత్తాన్ని భాషలవారీగా పంచుకొన్నాడు.

గురువు లేకుండా ఇన్ని భాషలు ఒకేసారి సాగడానికి ఒక కారణం ఉంది. ఆ కాలంలో ప్రాచ్యభాషల నిఘంటువులు, వ్యాకరణాలు చాలావరకు లాటిన్ భాషలో వ్రాయబడి ఉండేవి. లాటిన్ వచ్చినవాడికి హీబ్రూ, సిరియాక్ వంటివాటికి దారి తెరచుకొనేది. ఫ్రెంచి వస్తే ఫ్రాన్సులో అచ్చయిన వ్యాకరణాలన్నీ అందుబాటులోకి వచ్చేవి. అంటే ప్రతి భాషా తరువాతి భాషకు మెట్టు. బర్రిట్ ఈ మెట్ల వరుసను బాగా గ్రహించాడు.

న్యూ హేవెన్ నుండి తిరిగివచ్చి సుమారు ఒక సంవత్సరం ఉపాధ్యాయునిగా పనిచేశాడు. కదలిక లేని పని వలన ఆరోగ్యం చెడింది. కొంతకాలం ఒక తయారీదారు తరఫున ఊళ్ళు తిరిగి సరుకు అమ్మాడు. పిమ్మట న్యూ బ్రిటన్‌లో కిరాణా దుకాణం తెరిచాడు. 1837లో అమెరికాను కుదిపివేసిన ఆర్థిక సంక్షోభంలో ఆ దుకాణం మూతపడి, ఉన్నదంతా పోయింది. అప్పటికి వయస్సు 26 సంవత్సరాలు.

వూస్టర్ ప్రయాణం

దివాలా తీసిన తరువాత బర్రిట్ చేసిన ఆలోచన విచిత్రమైనది. బోస్టన్ రేవుకు వెళ్ళి ఏదైనా ఓడలో నావికునిగా చేరాలి, ఐరోపా చేరుకొన్నాక వచ్చిన జీతంతో అమెరికాలో దొరకని ప్రాచ్యభాషా గ్రంథాలు కొనుక్కోవాలి. ఆస్తి యావత్తూ ఒక చేతిరుమాలులో మూటగట్టుకొని 100 మైళ్ళకు పైగా నడిచి బోస్టన్ చేరాడు. వెళ్ళేసరికి అనుకొన్న ఓడ దొరకలేదు. నిరాశతో ఉన్న సమయంలో వూస్టర్ పట్టణంలోని యాంటిక్వేరియన్ సొసైటీ గ్రంథాలయాన్ని గురించి విన్నాడు. వూస్టర్ బోస్టన్‌కు పశ్చిమంగా సుమారు 40 మైళ్ళ దూరంలో ఉంది. కొద్దిపాటి చిల్లరతో ఆ దారి పట్టాడు.

అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీని 1812లో ఐజయా థామస్ స్థాపించాడు. థామస్ కూడా బాల్యంలోనే పనిలో చేరిన పేదవాడు. అచ్చుపనివాని వద్ద శిష్యరికం చేసి, పత్రికాధిపతిగా, ప్రచురణకర్తగా ఎదిగి, తాను సేకరించిన పుస్తకాలన్నిటినీ ఈ సంస్థకు ఇచ్చివేశాడు. 1820లో సంస్థకు సొంత భవనం ఏర్పడింది. పన్నుల సొమ్ముతో నడిచి, అందరికీ ఉచితంగా పుస్తకాలు ఎరువిచ్చే పౌర గ్రంథాలయాలు అప్పటికి అమెరికాలో చాలా అరుదు. అటువంటి తొలి గ్రంథాలయాలలో ఒకటి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పీటర్‌బరోలో 1833లో ఏర్పడింది. బోస్టన్ పౌర గ్రంథాలయం పాఠకులకు 1854లో తెరచుకొంది; వూస్టర్ పట్టణపు సొంత ఉచిత గ్రంథాలయం 1859లో వచ్చింది. కాబట్టి 1837లో ఒక కూలివానికి అరుదైన వ్యాకరణాలు, నిఘంటువులు చేతికి దొరకాలంటే ఇటువంటి విద్వత్సంస్థల దయాదాక్షిణ్యాలే దిక్కు. ఈ సంస్థ గ్రంథాలు ఇంటికి తీసుకువెళ్ళడానికి ఉద్దేశించినవి కావు, అక్కడే కూర్చొని చదువుకోవాలి. అయితే రుసుము లేదు.

బర్రిట్ వూస్టర్‌లో ఒక కమ్మరి దుకాణంలో నెలకు 12 డాలర్ల జీతానికి కుదిరాడు. గ్రంథాలయానికి వెళ్ళి చూసి ఆశ్చర్యపోయాడు. ప్రాచీన, ఆధునిక, ప్రాచ్యభాషల పుస్తకాలు అన్ని ఒకేచోట ఉండగలవని ఇతడు అంతకుముందు ఊహించలేదు. వెంటనే ఒక ఇబ్బంది కూడా ఎదురయింది. గ్రంథాలయం పగటిపూట కొన్ని గంటలు మాత్రమే తెరచి ఉండేది. ఆ గంటలలోనే ఇతడు దాగలి ముందు నిలబడాలి. అంత దూరం నడిచివచ్చింది ఆ పుస్తకాల కోసమే. తీరా వచ్చాక తలుపు తెరచి ఉన్నప్పుడు వెళ్ళడానికి వీలు లేదు. మొదట్లో ఇతడు వీలు చిక్కినప్పుడు వెళ్ళి, మిగతా చదువు తెల్లవారుజామున, రాత్రి తన గదిలో సాగించాడు. క్రమంగా సంస్థవారి ఆదరం లభించి, గ్రంథాలయాన్ని ఇష్టం వచ్చినట్లు ఉపయోగించుకొనే అనుమతి దొరికింది. అప్పటినుండి రోజులో కొంత భాగం కొలిమికి, కొంత భాగం గ్రంథాలయానికి కేటాయించాడు.

దినచర్య

బర్రిట్ ప్రతిరోజూ చేసిన పనిని, చదివిన చదువును లెక్కలతో సహా దినచర్య పుస్తకంలో వ్రాసుకొనేవాడు. వూస్టర్ తొలిరోజులకు చెందిన ఒక వారపు లెక్కలను ఇతని జీవితచరిత్రకారులందరూ పేర్కొంటారు. సోమవారం తలనొప్పితోనే క్యూవియే రచించిన భూగర్భశాస్త్ర గ్రంథంలో 40 పుటలు, ఫ్రెంచి 64 పుటలు చదివి, 11 గంటలు కొలిమి పని చేశాడు. మంగళవారం హీబ్రూ 65 పంక్తులు, ఫ్రెంచి 30 పుటలు, క్యూవియే 10 పుటలు, సిరియాక్ 8 పంక్తులు, డేనిష్ 10, బొహీమియన్ 10, పోలిష్ 9, వీటికి తోడు 15 నక్షత్రాల పేర్లు, 10 గంటల పని. బుధవారం హీబ్రూ, ఖగోళశాస్త్రం, 11 గంటల పని. శుక్రవారం ఒంట్లో బాగాలేదని వ్రాసుకొని, ఆ రోజే 12 గంటలు పనిచేశాడు. ఆదివారం బైబిల్ తరగతికి పాఠాలు.

ఈ లెక్కలలో గమనించవలసిన విషయం ఏమంటే, కొత్త భాషలలో రోజుకు చదివినది చాలా కొద్ది. సిరియాక్ ఎనిమిది పంక్తులు, పోలిష్ తొమ్మిది పంక్తులు. ప్రతి మాటనూ నిఘంటువులో వెదకి, వ్యాకరణంలో దాని రూపాన్ని గుర్తించి ముందుకు సాగడం ఇతని పద్ధతి. బాగా వచ్చిన ఫ్రెంచిలో మాత్రం పుటలకు పుటలు సాగేవి. తలనొప్పి, అనారోగ్యం అనే మాటలు కూడా ఆ పుస్తకంలో తరచుగా కనిపిస్తాయి. ఇతని శ్రమను ఆదర్శంగా చూపే పాఠ్యపుస్తకాలు ఈ మాటలను సాధారణంగా వదిలివేస్తాయి.

బ్రెటన్ లేఖ

గ్రంథాలయంలో బర్రిట్‌కు దొరికిన అరుదైన పుస్తకాలలో ఫ్రాన్సు వాయవ్య తీరంలో మాట్లాడే బ్రెటన్ భాష నిఘంటువు, వ్యాకరణం ఉన్నాయి. ఇది వెల్ష్ భాషకు దగ్గరి చుట్టం. ఆ భాష మాట్లాడేవారిని ఇతడు చూసి ఉండడు. పుస్తకాలలోని వివరణలు ఫ్రెంచిలో ఉన్నందున వాటి సహాయంతో నేర్చుకొని, 1838లో పారిస్‌లోని రాయల్ పురాతత్వ సంఘానికి ఏకంగా బ్రెటన్ భాషలోనే ఒక లేఖ వ్రాశాడు. కొన్ని నెలల తరువాత సంఘం ముద్రతో జవాబు వచ్చింది. లేఖలోని భాష సరిగానే ఉన్నదని అందులో ధ్రువీకరించారు. ఆ జవాబును ఇతడు కొలిమి వద్ద, పని దుస్తులలో అందుకొన్నాడని చెబుతారు. కేవలం గ్రంథాలయ పుస్తకాలతో నేర్చిన భాషలో అన్యదేశపు పండితులకు అర్థమయ్యేటట్లు వ్రాయగలిగానన్నది ఇతనికి లభించిన మొదటి రుజువు. అంతవరకు తన చదువు సరైనదో కాదో తేల్చుకొనేందుకు ఇతనికి మార్గమే లేదు.

ప్రసిద్ధి

జీతం చాలక, అనువాదం పని ఏదైనా దొరుకుతుందేమోనని బర్రిట్ 1838లో వూస్టర్‌కు చెందిన విలియం లింకన్‌కు ఒక లేఖ వ్రాశాడు. తన శక్తి ఏమిటో తెలియడానికి బాల్యం నుండి తాను చదువుకొన్న తీరును అందులో వివరించాడు. సుమారు 50 భాషలను, కొన్నిటిని ఎక్కువగా కొన్నిటిని తక్కువగా, చదవగలనని పేర్కొన్నాడు. లింకన్ ఆ లేఖను మసాచుసెట్స్ గవర్నరు ఎడ్వర్డ్ ఎవరెట్‌కు పంపాడు. ఎవరెట్ స్వయంగా గ్రీకు పండితుడు, హార్వర్డ్‌లో ఆచార్యునిగా పనిచేసినవాడు. ఆయన విద్యను గురించిన ఒక బహిరంగ సభలో ఆ లేఖను ప్రస్తావించి కమ్మరి కథను దేశానికి చెప్పాడు. పత్రికలు దానిని విరివిగా ప్రచురించాయి.

సొంత విషయాలు ఇలా వెల్లడికావడం బర్రిట్‌కు చాలా బాధ కలిగించింది. అడిగినది అనువాదం పని, దొరికినది కీర్తి. ఊరు విడిచి తన పేరు ఎవరికీ తెలియని చోటికి వెళ్ళిపోదామని కూడా అనుకొన్నాడు. హార్వర్డ్‌లో చదువుకొనేందుకు కావలసిన సదుపాయాలు కల్పిస్తామని ఎవరెట్ ద్వారా ఆహ్వానం వచ్చింది. తరువాత కవి లాంగ్‌ఫెలో కూడా అటువంటి సహాయానికి ముందుకు వచ్చాడు. బర్రిట్ రెండింటినీ మర్యాదగా తిరస్కరించాడు. శరీరశ్రమ లేకపోతే తన ఆరోగ్యం నిలవదన్నది ఒక కారణం. శ్రామికుల నుండి విడిపోయి పండితుల వరుసలో చేరడం ఇష్టం లేకపోవడం మరొకటి, బహుశా అదే ముఖ్యమైనది. అయితే ఈ నిర్ణయానికి మూల్యం కూడా ఉంది. క్రమశిక్షణ గల గురువుల వద్ద చదివి ఉంటే ఇతడు ఏదో ఒక భాషాశాఖలో స్థిరమైన పరిశోధన చేసి ఉండేవాడేమో. ఆ కాలంలో జర్మనీలో ఫ్రాంజ్ బాప్ వంటివారు తులనాత్మక భాషాశాస్త్రానికి పునాదులు వేస్తున్నారు. ఇన్ని భాషలు చూసిన బర్రిట్ పేరు ఆ శాస్త్ర చరిత్రలో కనబడదు.

1839లో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో లిటరరీ జెమినీ అనే మాసపత్రికను నడిపాడు. అది సుమారు ఒక సంవత్సరం మాత్రమే సాగింది. ఐస్‌లాండ్ గాథల నుండి కొన్ని అనువాదాలు చేశాడు.

50 భాషల మాట

ఇతనికి ఎన్ని భాషలు వచ్చు అనే విషయంపై వ్రాసినవారంతా ఒకే సంఖ్య చెప్పలేదు. 50 అన్న సంఖ్య బర్రిట్ సొంత లేఖలోనిదే అయినా, అన్నిటిలో సమానమైన ప్రవేశం ఉన్నదని ఇతడు ఎన్నడూ చెప్పుకోలేదు. ఇది ప్రధానంగా చదివి అర్థం చేసుకొనే పరిజ్ఞానం. చెవితో విని నేర్చినది కాదు, కంటితో చూసి నేర్చినది. ఒక భాషా కుటుంబంలోని రెండు మూడు భాషలు గట్టిగా వస్తే మిగిలిన వాటిని నిఘంటువు సహాయంతో చదవడం అంత కష్టం కాదు. పోలిష్, బొహీమియన్ ఒక జట్టు. డేనిష్, ఐస్‌లాండిక్ మరొక జట్టు. హీబ్రూ, సిరియాక్ వేరొక జట్టు. ఈ విధంగా చూస్తే సంఖ్య నమ్మదగినదే గాని, పత్రికలు చిత్రించినంత అద్భుతం కాదు. బర్రిట్ అభిప్రాయమూ ఇదే. 1841 చలికాలంలో ఇతడు ఇచ్చిన మొదటి ఉపన్యాసం విషయం సాధన, ప్రతిభ. పుట్టుకతో వచ్చే మేధ అనేది లేదని, పట్టుదలతో చేసే అభ్యాసమే అంతా అని అందులో వాదించాడు. ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 60 సార్లు ఈ ఉపన్యాసం ఇచ్చి, మళ్ళీ వూస్టర్ వచ్చి కొలిమి పనిలో చేరాడు. వినవచ్చిన జనం మాత్రం ఒక అద్భుత మేధావిని చూడడానికే వచ్చేవారు.

శాంతి ఉద్యమం

బర్రిట్ జీవితంలోని మలుపు కూడా పుస్తకాల మధ్యనే జరిగింది. భూమి నిర్మాణాన్ని గురించి ఒక ఉపన్యాసం తయారు చేసుకొంటూ, ఏ దేశానికీ అన్ని పంటలు, అన్ని ఖనిజాలు లేకపోవడాన్ని గమనించాడు. ఒకదానికి మరొకటి అవసరమయ్యేటట్లు ప్రకృతి దేశాలను అమర్చిందని, ఆ అమరికను యుద్ధం చెడగొడుతున్నదని ఇతనికి తోచింది. భూగోళ పాఠం శాంతి ఉపన్యాసంగా మారింది. తరువాత జీవితమంతా ఈ మార్గంలోనే నడిచింది. భాషాభ్యాసం వెనుకబడింది.

1844లో వూస్టర్ నుండి క్రిస్టియన్ సిటిజన్ అనే వారపత్రికను ప్రారంభించి 1851 వరకు నడిపాడు. బానిసత్వ వ్యతిరేకత, శాంతి, మద్యనిషేధం ఈ పత్రిక ఆశయాలు. 1846లో ఆరెగాన్ సరిహద్దు విషయమై అమెరికా, బ్రిటన్‌ల మధ్య యుద్ధ వాతావరణం నెలకొన్నప్పుడు, బ్రిటిష్ పట్టణాల ప్రజలు అమెరికన్ పట్టణాల ప్రజలకు స్నేహలేఖలు వ్రాసే కార్యక్రమంలో ముఖ్యపాత్ర వహించాడు. అదే సంవత్సరం ఇంగ్లండు వెళ్ళి, పెర్షోర్ అనే చిన్న ఊరిలో విశ్వ సోదర సంఘాన్ని స్థాపించాడు. ఏ యుద్ధంలోనూ, ఏ రూపంలోనూ పాల్గొననని సభ్యులు ప్రతిజ్ఞపై సంతకం చేయాలి. అట్లాంటిక్‌కు ఇరువైపులా వేలాదిమంది సంతకాలు చేశారు.

1847లో ఐర్లండులో తీవ్రమైన కరువు ఉన్నప్పుడు స్కిబ్బరీన్ ప్రాంతానికి వెళ్ళి, అక్కడి ఆకలిచావులను స్వయంగా చూసి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అమెరికా నుండి సహాయం రాబట్టడం దాని ఉద్దేశం.

1848లో బ్రస్సెల్స్, 1849లో పారిస్, 1850లో ఫ్రాంక్‌ఫర్ట్, 1851లో లండన్ నగరాలలో జరిగిన అంతర్జాతీయ శాంతి మహాసభల నిర్వహణలో బర్రిట్ కృషి ప్రధానమైనది. పారిస్ సభకు విక్టర్ హ్యూగో అధ్యక్షత వహించాడు. దేశాల మధ్య తగవులను పరిష్కరించడానికి ఒక అంతర్జాతీయ న్యాయస్థానం ఉండాలని ఈ సభలలో బర్రిట్ కోరాడు. ఒలివ్ లీఫ్ పేరుతో శాంతి సందేశాలను క్లుప్తంగా వ్రాసి, అనేక ఐరోపా భాషలలోకి అనువదింపజేసి, ఆయా దేశాల వార్తాపత్రికలలో సొమ్ము చెల్లించి ప్రచురించడం మరొక కార్యక్రమం. ఆ ఖర్చు బ్రిటన్‌లోని మహిళా బృందాలు కుట్టుపనులు, చందాల ద్వారా సమకూర్చేవి. ఒక దేశపు సామాన్యుని మాట మరొక దేశపు సామాన్యునికి అతని భాషలోనే చేరాలన్న పట్టుదలలో పాత భాషాభ్యాసి కనిపిస్తాడు.

చౌక సముద్ర తపాలా

బ్రిటన్‌లో 1840లో రోలండ్ హిల్ సంస్కరణతో దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీకే ఉత్తరం వెళ్ళసాగింది. కాని అట్లాంటిక్ దాటించడానికి ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు అయ్యేది. అమెరికాకు వలస వెళ్ళిన పేద కూలీలకు, ముఖ్యంగా ఐరిష్ వారికి, ఇంటికి ఉత్తరం వ్రాయడం భారంగా ఉండేది. సముద్రం దాటించే రుసుము ఒక్క పెన్నీ మాత్రమే ఉండాలని, రెండు వైపులా దేశంలోపలి రుసుము కలుపుకొని మొత్తం 3 పెన్నీలకు ఉత్తరం చేరాలని బర్రిట్ 1840ల చివరి నుండి ప్రచారం చేశాడు. ఓడ బొమ్మలు, నినాదాలు అచ్చువేసిన ప్రచార కవర్లను తపాలా సామగ్రి సేకరించేవారు నేటికీ విలువైనవిగా భావిస్తారు. బ్రిటన్–అమెరికా ఉత్తరాల రుసుము క్రమంగా తగ్గి 1870లో 3 పెన్నీలకు చేరింది. ఇది ఒక్కని కృషి ఫలితం కాకపోయినా, ఇతని ప్రచారాలలో జీవితకాలంలోనే నెరవేరినది ఇదే అని చెప్పవచ్చు.

వైఫల్యాలు

మిగిలినవి అలా నెరవేరలేదు. శాంతి మహాసభలు ముగిసిన రెండు మూడు సంవత్సరాలకే క్రిమియా యుద్ధం వచ్చింది. అమెరికా తిరిగివచ్చిన బర్రిట్ బానిసల యజమానులకు ప్రభుత్వం పరిహారమిచ్చి, రక్తపాతం లేకుండా బానిసత్వాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదనతో దేశమంతా తిరిగాడు. 1857లో క్లీవ్‌లాండ్‌లో ఇందుకోసం ఒక సభ జరిగింది. మనుషులను ఆస్తిగా అంగీకరించినట్లవుతుందని బానిసత్వ వ్యతిరేకులలో తీవ్రవాదులు దీనిని నిరసించారు. దక్షిణాది యజమానులు పట్టించుకోలేదు. 1861లో అంతర్యుద్ధం ప్రారంభమయింది. బానిసత్వాన్ని, యుద్ధాన్ని సమానంగా ద్వేషించిన బర్రిట్‌కు ఇది పెద్ద దెబ్బ. యుద్ధాన్ని సమర్థించలేక, యుద్ధం వలన రాబోయే విముక్తిని కాదనలేక ఇబ్బందిపడ్డాడు.

ఇంగ్లండులో

1863లో మళ్ళీ ఇంగ్లండు వెళ్ళి, లండన్ నుండి స్కాట్లండ్ ఉత్తర కొసన ఉన్న జాన్ ఓ గ్రోట్స్ వరకు కాలినడకన ప్రయాణించాడు. దారిలో వ్యవసాయ పద్ధతులను పరిశీలించి వ్రాసిన పుస్తకం 1864లో వెలువడింది. అబ్రహాం లింకన్ ప్రభుత్వం ఇతనిని బర్మింగ్‌హామ్‌లో అమెరికా కాన్సులర్ ప్రతినిధిగా నియమించింది. ఆ నగర శివారైన హార్బోర్న్‌లో నివసించాడు. బర్మింగ్‌హామ్ చుట్టూ ఉన్న బొగ్గు గనులు, ఇనుప కొలుముల ప్రాంతాన్ని నడిచి చూసి 1868లో ప్రచురించిన వాక్స్ ఇన్ ది బ్లాక్ కంట్రీ ఇతని రచనలలో ఇప్పటికీ ఎక్కువగా చదవబడేది. మేకులు, గొలుసులు, తాళాలు చేసే పనివారి వర్ణనలో ఆ పని స్వయంగా తెలిసినవాని చూపు ఉంది. గ్రాంట్ అధ్యక్షుడైన తరువాత ఈ ఉద్యోగం పోయింది. 1870లో స్వదేశం చేరుకొన్నాడు.

చివరి దశ

చివరి సంవత్సరాలు న్యూ బ్రిటన్‌లో గడిచాయి. బర్రిట్ వివాహం చేసుకోలేదు. శాంతి ప్రచారం సన్నగిల్లగా భాషలు మళ్ళీ ముందుకు వచ్చాయి. ఊరిలోని స్త్రీలకు సంస్కృతం తదితర భాషలు బోధించాడు. కళాశాలలు ఆ కాలంలో చాలావరకు పురుషులకే పరిమితమై ఉండగా, ఒక చిన్న పారిశ్రామిక పట్టణంలో గృహిణులు, యువతులు దేవనాగరి అక్షరాలు దిద్దడం విశేషమే. ఇంటిలో పొయ్యి పక్కన కూర్చొని నేర్చుకొనేవారి కోసం వ్రాసిన ఎ సాంస్క్రిట్ హ్యాండ్‌బుక్ ఫర్ ది ఫైర్‌సైడ్ 1876లో వెలువడింది. సంస్కృత వ్యాకరణాన్ని పండితులకు కాక, ఏ గురువూ దొరకని సామాన్య పాఠకులకు అందించడం దీని ఉద్దేశం. శాస్త్రీయ వ్యాకరణంగా ఇది నిలువలేదు. భారతదేశంతో ఇతనికి ఉన్న ముఖ్యమైన సంబంధం ఈ పుస్తకమే. ఇతడు భారతదేశానికి ఎన్నడూ రాలేదు.

ఇతర రచనలలో స్పార్క్స్ ఫ్రమ్ ది యాన్విల్ (1846), థాట్స్ అండ్ థింగ్స్ ఎట్ హోమ్ అండ్ ఎబ్రాడ్ (1854), టెన్ మినిట్ టాక్స్ (1873) పేర్కొనదగినవి. చివరిదానిలో స్వీయచరిత్ర కూడా ఉంది. అందులో తనను తాను ప్రథమపురుషలో చెప్పుకొన్నాడు. కొలిమి, టోపీలోని గ్రీకు వ్యాకరణం, వూస్టర్ ప్రయాణం వంటి వృత్తాంతాలలో చాలావాటికి ఇతని లేఖలు, దినచర్యలు, ఈ స్వీయచరిత్రే ఆధారం. అందుచేత వాటిని కొంత జాగ్రత్తగా తీసుకోవలసి ఉంటుంది.

1879 మార్చి 6న న్యూ బ్రిటన్‌లో బర్రిట్ మరణించాడు.

స్మారకాలు

టెనెసీ రాష్ట్రంలోని స్పెన్సర్ అనే ఊరిలో 1848లో స్థాపించిన కళాశాలకు బర్రిట్ బ్రతికి ఉండగానే ఇతని పేరు పెట్టారు. అప్పటికి టెనెసీ బానిసత్వం అమలులో ఉన్న రాష్ట్రం. ఆ కళాశాల 1939లో మూతపడింది. న్యూ బ్రిటన్‌లోని సెంట్రల్ కనెక్టికట్ రాష్ట్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఎలిహు బర్రిట్ గ్రంథాలయం అని పేరు. ఇతని చేతివ్రాత ప్రతులు, లేఖలు న్యూ బ్రిటన్ గ్రంథాలయాలలో భద్రపరచబడి ఉన్నాయి. వూస్టర్‌లోని అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ గ్రంథాలయం నేటికీ నడుస్తున్నది. పరిశోధకులకు అక్కడ చదువుకొనేందుకు ఇప్పటికీ రుసుము లేదు.